అక్టోబరులో జర్మనీకి ఎమ్మెస్ చదువుకు వెళుతున్నాను: పెట్టె సర్దుకోవడం కన్నా ముందు చూసుకోవలసినవి ఏవి?

ప్రశ్న (ఖమ్మం అమ్మాయి)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. 2024లో హైదరాబాదులో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, కొంతకాలం ఉద్యోగం చేసిన తరువాత, ఇప్పుడు జర్మనీలోని మాగ్దెబర్గ్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 2026 శీతాకాల సెమిస్టరుకు సీటు వచ్చింది. మన చదువు పత్రాలు సరైనవేనని జర్మనీవారు ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం చేతికి అందింది, వీసా అపాయింట్‌మెంట్ వచ్చే నెలలో ఉంది, బ్లాక్డ్ అకౌంటుకు, అంటే ఏడాది ఖర్చును ముందే జమచేసి నెలనెలా కొంత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతాకు, డబ్బు ఇంకా పంపవలసి ఉంది.

మా కన్సల్టెన్సీవారు ఇచ్చిన జాబితాలో ప్రెషర్ కుక్కరు నుంచి సూది దారం దాకా 90కి పైగా వస్తువులు ఉన్నాయి గానీ, అక్కడ దిగిన మొదటి పదిహేను రోజుల్లో ఏ పని తరువాత ఏ పని చేయాలో ఒక్క మాట కూడా లేదు. నాకు ఇంకా గది దొరకలేదు. తెలిసిన సీనియర్ ఒకరు తన గదిలో కొన్నాళ్లు ఉండవచ్చని, అక్కడి నగర కార్యాలయంలో నివాస నమోదుకు కావలసిన చిరునామాను కొంత డబ్బు ఇస్తే వేరేవాళ్లు ఇస్తారని చెబుతున్నారు. ఇది సబబేనా? మొదటి నెలకు చేతిలో ఎంత డబ్బు ఉండాలి? పార్ట్‌టైమ్ ఉద్యోగంతో నెల ఖర్చు వెళ్లిపోతుందని నాన్న నమ్ముతున్నారు, ఆ నమ్మకంలో నిజమెంత? అమ్మ ఇప్పటికే రెండు కిలోల నెయ్యి, చికెన్ పచ్చడి సిద్ధం చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. విమానం టికెట్ సెప్టెంబరు 30కి గానీ అక్టోబరు 2కి గానీ తీసుకుందామని అనుకుంటున్నాము. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు 1 (మాగ్దెబర్గ్‌లో మూడేళ్లుగా ఉంటున్నవాడు)

చెల్లీ, ముందుగా మీ సీనియర్ చెప్పిన మాట సంగతి తేల్చుకుందాము, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నిటికీ మూలం అక్కడే ఉంది. డబ్బు ఇచ్చి చిరునామా కొనవద్దు. 2015 నవంబరు 1 నుంచి అక్కడి నివాస నమోదు చట్టం ప్రకారం ఇంటి యజమాని, లేదా మీకు గది ఇచ్చినవారు, మీరు నిజంగా అక్కడ దిగారని రాసి సంతకం చేసిన పత్రం ఇవ్వాలి. నమోదయ్యే మనిషి నిజంగా నివసించని చోటును చిరునామాగా ఇచ్చినవారికి 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలు అదే చట్టంలో ఉంది. సీనియర్ గదిలో నాలుగు రోజులు తల దాచుకోవడం తప్పు కాదు. ఆ గది ఆయన పేరున ఉండి, యజమానికి తెలియకుండా మిమ్మల్ని ఉంచుకుంటే మాత్రం, మీకు ఆ పత్రం రాదు, ఆయన ఒప్పందానికీ ముప్పు రావచ్చు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, జర్మనీలో కొత్తగా దిగిన విద్యార్థికి పనులన్నీ ఒక గొలుసులా ఉంటాయి, ఆ గొలుసులో మొదటి కడియం చిరునామా. గదిలో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేసుకోవాలి, దీన్ని ఆన్‌మెల్‌డుంగ్ అంటారు. అక్కడ ఇచ్చే నమోదు పత్రం ఉంటేనే చాలా చోట్ల బ్యాంకు ఖాతా సాఫీగా తెరుస్తారు, ఆ ఖాతా నంబరు ఇస్తేనే బ్లాక్డ్ అకౌంటు నుంచి నెలకు 992 యూరోల చొప్పున డబ్బు విడుదల అవుతుంది. నమోదైన కొన్ని వారాలకు 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది, అది లేకుండా ఏ యజమానీ జీతం సవ్యంగా లెక్కగట్టలేడు. వీసా గడువు ముగిసేలోగా విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతి తీసుకోవాలి, వాళ్లు అడిగే మొదటి కాగితాలలో ఈ నమోదు పత్రం కూడా ఒకటి. గది ఆలస్యమైతే ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి ఆలస్యమవుతాయి. మా బ్యాచ్‌లో ఒక అబ్బాయి డబ్బంతా బ్లాక్డ్ అకౌంటులో భద్రంగా ఉండగానే, దాన్ని బయటికి తీసుకునే దారి లేక నవంబరు దాకా స్నేహితుల దగ్గర అప్పు చేస్తూ గడిపాడు.

కాబట్టి వీసా రాలేదని ఆగకుండా, సీటు ఉత్తరం అందిన ఈ వారంలోనే విద్యార్థి వసతి సంస్థకు హాస్టల్ గది కోసం దరఖాస్తు పెట్టండి. ప్రతి విశ్వవిద్యాలయ నగరంలోనూ స్టూడియెరెండెన్‌వెర్క్ అనే సంస్థ ఈ గదులను చూసుకుంటుంది, మాగ్దెబర్గ్‌లోనూ ఉంది. వరుసలో ముందు ఉన్నవారికే గది కనుక ఒక్క నెల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అదృష్టవశాత్తూ మీరు వెళుతున్నది తూర్పు ప్రాంతంలోని ఊరు, మ్యూనిక్‌లో ఒక గదికి ఇచ్చే అద్దెలో సగానికన్నా తక్కువకే ఇక్కడ గది దొరుకుతుంది. ప్రైవేటు గది వెతికేటప్పుడు రెండు మాటలు నేర్చుకోండి. కాల్ట్‌మీటె అంటే గది అద్దె మాత్రమే, వార్మ్‌మీటె అంటే వేడి, నీళ్లు వంటి ఖర్చులు కలిపిన అద్దె. ప్రకటనలో చవకగా కనిపించేది ఎక్కువగా మొదటిదే. యజమాని అడిగే ధరావతు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదని చట్టం చెబుతోంది. గది చూపించకుండానే, తాను వేరే దేశంలో ఉన్నానని, డబ్బు పంపితే తాళం చెవి పోస్టులో పంపుతానని ఎవరైనా రాస్తే, ఆ ఉత్తరం ఎంత మర్యాదగా ఉన్నా సరే, దానికి జవాబు రాయవద్దు.

టికెట్ విషయంలో సెప్టెంబరు 30నే తీసుకోండి, ఇంకా ముందు వీలైతే మరీ మంచిది. అక్టోబరు 3 జర్మనీ ఏకీకరణ దినం, దేశమంతా సెలవు. ఈ ఏడాది అది శనివారం పడింది, మరునాడు ఆదివారం, ఆదివారాలు అక్కడ దుకాణాలు తెరవవు. అంటే అక్టోబరు 2 రాత్రి దిగినవారికి దుప్పటి కొనుక్కోవడానికి కూడా సోమవారం దాకా దారి ఉండదు, పెద్ద రైల్వే స్టేషన్లలోని చిన్న దుకాణాలు తప్ప. ఫ్రాంక్‌ఫర్ట్ టికెట్ కొంచెం చవకగా కనిపించినా బెర్లిన్‌లో దిగడమే మేలు, బెర్లిన్ నుంచి మాగ్దెబర్గ్‌కు ప్రాంతీయ రైలులో రెండు గంటల లోపే ప్రయాణం, రెండు పెద్ద పెట్టెలతో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైళ్లు మారుతూ రావడం ఎలా ఉంటుందో నేను అనుభవించాను.


జవాబు 2 (గుంటూరు నుంచి ఒక తండ్రి)

అమ్మా, మా అబ్బాయి రెండేళ్ల క్రితం జర్మనీకే వెళ్లాడు. పిల్లలు వెళ్లేవారి వైపు నుంచి చెబుతారు, నేను ఇక్కడ మిగిలేవారి వైపు నుంచి చెబుతాను. మీ నాన్నగారికి కూడా ఇది చదివి వినిపించండి.

బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్న లెక్క 2024 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. యూరో 100 రూపాయలే అనుకున్నా ఇది 11 లక్షల 90 వేలు, పంపే రోజున బ్యాంకు వేసే ధర అంతకన్నా ఎక్కువే ఉండవచ్చు కనుక ఆ వ్యత్యాసానికి కొంత చేతిలో ఉంచుకోండి. బ్యాంకు నుంచి తీసుకున్న విద్యారుణం సొమ్మునే పంపితే మూలంలో పన్ను వసూలు (టీసీఎస్), అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, ఉండదు. సొంత డబ్బు పంపితే, 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద ఆ వసూలు ఉంటుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. అయినా ఆ నాటికి చేతిలో ఉండవలసిన డబ్బే కదా. మేము సగం రుణం, సగం పొలం మీద వచ్చిన సొమ్ము పంపాము, ఏది ఎవరి ఖాతా నుంచి వెళ్లాలో ముందే ఆలోచించుకోనందువల్ల బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను.

ఇంకొక చిన్న విషయానికి మాకు పది రోజులు వృథా అయ్యాయి. విదేశానికి పంపిన డబ్బు దారిలో ఒకటి రెండు బ్యాంకుల గుండా వెళుతుంది, అవి తమ చార్జీలను అందులోంచే కోసుకుంటాయి. అవతల 11,904కు బదులు ఓ ఇరవై యూరోలు తక్కువగా చేరితే, ఖాతా నిండలేదని వీసాకు కావలసిన ధ్రువపత్రం ఇవ్వరు. అందుకని చార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతిని ఫారంలో ఎంచుకోండి, ఆ పైన ఓ యాభై యూరోలు ఎక్కువే పంపండి. మిగిలింది ఎక్కడికీ పోదు.

మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉంటే తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలను తప్పక చూడండి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరున, బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున 20 లక్షల దాకా ఇచ్చే పథకాలు ఉన్నాయి, మైనారిటీ విద్యార్థులకు కూడా వేరుగా ఉంది. అయితే ఆ డబ్బు విద్యార్థి అక్కడికి చేరిన తరువాత విడతలుగా వచ్చేది గనుక, దాన్ని బ్లాక్డ్ అకౌంటుకు లెక్కలో వేసుకోకూడదు. వచ్చాక రుణం తీర్చుకోవడానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని మాట ఒకటి. మీ ఇక్కడి సెల్ నంబరును చావనివ్వకండి. బ్యాంకు, ఆదాయపు పన్ను, రుణం, ఆధార్, అన్నిటి ఓటీపీలూ దానికే వస్తాయి. వెళ్లే ముందే అంతర్జాతీయ రోమింగ్‌లో సందేశాలు అందుతున్నాయో లేదో కనుక్కుని, కాలపరిమితి ఎక్కువ ఉన్న రీచార్జి చేయించి, తరువాతి రీచార్జి తేదీని నాన్నగారి క్యాలెండరులో రాయించండి. మా వాడి నంబరు మూడు నెలలకు ఆగిపోయింది, రుణ ఖాతాలోకి వెళ్లడానికి కూడా వీలు లేకుండా పోయింది, తిరిగి తీసుకోవాలంటే మనిషే స్వయంగా రావాలన్నారు. అలాగే రుణం తదుపరి విడతల కోసం, లేదా మీ పేరున ఉన్న స్థలం వంటి వాటి కోసం సంతకం అవసరమయ్యేట్లయితే, ఇక్కడ ఉండగానే నాన్నగారి పేరున అధికార పత్రం, అదే పవర్ ఆఫ్ అటార్నీ, రాసి ఇవ్వండి. అక్కడికి వెళ్లాక అదే కాగితానికి మన రాయబార కార్యాలయం ముద్ర వేయించి పోస్టులో పంపవలసి వస్తుంది. అన్ని పనులకూ కలిపి విచ్చలవిడిగా రాయకుండా, ఏ పనికో ఆ పనికే రాయించడం మంచిదని మా ప్లీడరు గారు చెప్పారు, నాకూ అదే సమంజసంగా తోచింది.


జవాబు 3 (లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క)

అమ్మగారిని నెయ్యి ఆపమని చెప్పండి. ఐరోపా సమాఖ్య వెలుపలి నుంచి వచ్చేవారు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు వెంట తేకూడదన్నది నిబంధన. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఇవన్నీ అందులోకే వస్తాయి. మా అత్తగారు కాచి ఇచ్చిన నెయ్యిని కస్టమ్స్‌వారు నా కళ్ల ముందే చెత్తబుట్టలో వేశారు, తప్పు నాదే కనుక ఏమీ అనలేకపోయాను. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి నీడలో ఎండబెట్టి పొడి కొట్టించుకోండి. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడికి ఇబ్బంది లేదు. అయితే నూనె కారే పదార్థాలు కనుక చేతి సంచీలో అనుమతించరు, పెద్ద పెట్టెలోనే, మూత బిగించిన సీసాను రెండు కవర్లలో చుట్టి, ఆ మొత్తాన్ని ఒక డబ్బాలో పెట్టి, పాత తువ్వాలు చుట్టండి. మీ సర్టిఫికెట్లు మాత్రం ఆ పెట్టె దరిదాపుల్లో కూడా ఉండకూడదు. ఒరిజినల్స్ అన్నీ చేతి సంచీలోనే.

ఏవి తీసుకువెళ్లాలన్న దానికి నా కొలత ఒకటే, అక్కడ దొరకనివి, దొరికినా రుచి కుదరనివి మాత్రమే. బియ్యం, కందిపప్పు ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి, కొత్తిమీర, వంకాయ, బెండకాయ టర్కీ దుకాణాల్లో కనిపిస్తాయి. మన గుంటూరు కారం, చింతపండు, ఇంగువ, కందిపొడి, కరివేపాకు పొడి కొంచెం కొంచెం చాలు. ప్రెషర్ కుక్కరు మూడు లీటర్లది సరిపోతుంది, అదనంగా ఒక గాస్కెట్, ఒక విజిల్ పెట్టుకోండి, అవి పోతే అక్కడ దొరకడం కష్టం. కుక్కరు అడుగు చదునుగా ఉండాలి, వీలైతే స్టీలుదే కొనండి, ఎందుకంటే వంటగదిలో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం కుక్కరు వేడెక్కదు. కరెంటు మన దగ్గరిలాగే 230 వోల్టులు, మిక్సీ పనిచేస్తుంది, కాని మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. నాలుగు అడాప్టర్లు కొనే బదులు ఒక అడాప్టరు, ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇక్కడినుంచి తీసుకువెళితే అన్నీ దానికే పెట్టుకోవచ్చు.

పోపు గురించి హెచ్చరించకపోతే నాకు నిద్ర పట్టదు. గదుల్లో పొగ గుర్తించే అలారాలు ఉంటాయి. ఎండుమిర్చి ఘాటు గది దాకా వెళితే అవి మోగుతాయి, కొన్ని హాస్టళ్లలో ఆ అలారం నేరుగా ఫైరు స్టేషనుకే పోతుంది, అనవసరంగా వచ్చిన బండి ఖర్చు మీ మీద వేయవచ్చు. పోపు వేసేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ తెరవండి. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టే తెలివి ఎవరైనా నేర్పితే నేర్చుకోవద్దు.

చలి బట్టల కోసం పెట్టెలో సగం నింపవద్దు. అక్టోబరు తొలివారానికి సరిపోయే ఒక జాకెట్, లోపల వేసుకునే రెండు జతల థర్మల్స్ చాలు, పెద్ద కోటు, బూట్లు అక్కడే కొనండి, ఇక్కడ కొన్న స్వెటరు మాగ్దెబర్గ్ గాలికి ఆగదు. ఆ మిగిలిన చోటులో మీ కళ్లద్దాలు రెండో జత పెట్టుకోండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా పెద్దవారి కళ్లద్దాలకు సాధారణంగా డబ్బు ఇవ్వదు, పంటి వైద్యంలోనూ కొంత భాగమే భరిస్తుంది. అందుకని పంటి పనులు ఏవైనా ఉంటే జూలైలోనే చేయించుకోండి. మీరు వాడే మందులు ఉంటే డాక్టరు చీటీతో సహా మీ అవసరానికి సరిపడా తీసుకువెళ్లండి. మన దగ్గర మందుల షాపులో అడిగితే ఇచ్చే యాంటీబయాటిక్స్ అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు.


ఖమ్మం అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. నిన్ననే హాస్టల్ దరఖాస్తు పంపాను. అమ్మ నెయ్యి సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తరువాత ఆ నెయ్యితోనే సున్నుండలు చేసి పంపవచ్చా అని అడిగింది. నాన్న అడిగిన పార్ట్‌టైమ్ ప్రశ్న, మొదటి నెల డబ్బు లెక్క మిగిలిపోయాయి. బీమా ఇక్కడినుంచే తీసుకోవాలా, అక్కడ తీసుకోవాలా? మరొక సందేహం. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. అక్కడ దీనితో ఇబ్బంది పడినవారు ఉన్నారా?


జవాబు 4 (మాగ్దెబర్గ్‌లో మూడేళ్లుగా ఉంటున్నవాడు)

బీమా రెండు రకాలు కావాలి. విమానం దిగిన రోజు నుంచి విశ్వవిద్యాలయంలో చేరే రోజు దాకా ప్రయాణ బీమా, చేరినప్పటి నుంచి విద్యార్థుల ప్రభుత్వ ఆరోగ్య బీమా. రెండోదాన్ని ఏ సంస్థలో తీసుకున్నా తేడా స్వల్పమే, టీకే, ఏఓకే, బార్మర్ వంటివి అక్కడ అందరూ వాడేవే. ఇక్కడినుంచే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు బీమా చేసుకున్నారన్న సమాచారాన్ని ఆ సంస్థే నేరుగా విశ్వవిద్యాలయానికి ఎలక్ట్రానిక్‌గా పంపుతుంది, అది చేరకుండా మీ ప్రవేశం పూర్తి కాదు. 30 ఏళ్లు నిండినవారికి ఈ విద్యార్థి ధర వర్తించదు, మీకు ఆ చింత లేదు. నెలకు సుమారు 150 యూరోలు దీనికి పక్కన పెట్టండి.

మొదటి నెలకు 1,500 యూరోలు ఫారెక్స్ కార్డులో, అందులో రెండు మూడు వందలు నోట్లుగా ఉంచుకోమంటాను. ధరావతు, మొదటి అద్దె, సెమిస్టరు రుసుము, బీమా మొదటి వాయిదా, గిన్నెలు, దుప్పట్లు, తరువాత నివాస అనుమతికి 100 యూరోలు, ఇవన్నీ బ్లాక్డ్ అకౌంటు తలుపు తెరుచుకోక ముందే మీద పడే ఖర్చులు. సెమిస్టరు రుసుము ఎక్కువగా ఉందని బాధపడకండి, చాలా విశ్వవిద్యాలయాల్లో అందులో ప్రయాణ టికెట్ కలిసి ఉంటుంది. విడిగా కొనే దేశవ్యాప్త నెలసరి టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58కి, 2026 జనవరిలో 63కి చేరింది, విద్యార్థులకు ఉన్న రూపం దానిలో అరవై శాతం ధరకే వస్తుంది.

నమోదు అయిన కొన్నాళ్లకు ఇంటికి ఒక జర్మన్ ఉత్తరం వస్తుంది, ప్రకటన కాగితం అనుకుని పడేయకండి. అది రేడియో, టీవీ రుసుము. మీ దగ్గర టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. ఒక ఇంట్లో నలుగురు ఉంటే ఒకరు కట్టి నలుగురూ పంచుకోవచ్చు. నేను ఏడు నెలలు ఆ ఉత్తరాలను తెరవకుండా పెట్టి, చివరికి అన్నిటికీ కలిపి ఒకేసారి కట్టాను. జర్మన్‌లో వచ్చే ప్రతి ఉత్తరాన్నీ ఫోను కెమెరాతో అనువదించుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.


జవాబు 5 (డ్రెస్డెన్‌లో పార్ట్‌టైమ్ చేసిన పూర్వ విద్యార్థి)

నాన్నగారి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, కాస్త నిష్ఠూరంగా ఉన్నా ఏమీ అనుకోవద్దని మనవి. పార్ట్‌టైమ్‌తో మొదటి సెమిస్టరు వెళ్లదు. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చేయవచ్చు, విశ్వవిద్యాలయంలోనే చేసే విద్యార్థి సహాయకుల పని ఈ లెక్కలోకి రాదు. కనీస వేతనం ఈ ఏడాది జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. చిన్న ఉద్యోగం అనే రకంలో నెలకు 603 యూరోల దాకా సంపాదించవచ్చు, అంటే వారానికి పది గంటలు. కాగితం మీద చూస్తే అద్దె, తిండి వెళ్లిపోయినట్లే కనిపిస్తుంది. కానీ జీతం సవ్యంగా చేతికి రావాలంటే పన్ను సంఖ్య కావాలి, దానికి చిరునామా కావాలి, ఆ పైన హోటళ్లలో, గిడ్డంగుల్లో కూడా జర్మన్ నాలుగు మాటలు రానివారిని చివరి వరుసలో పెడతారు. మా ఊళ్లో ఇంగ్లిషుతోనే పని దొరికినవారు ఉన్నారు, వారికన్నా రెండు సెమిస్టర్లు వెతికినవారే ఎక్కువ. మాగ్దెబర్గ్ డ్రెస్డెన్ కన్నా చిన్న ఊరు.

అందుకని నాన్నగారితో ఇలా చెప్పండి. మొదటి ఏడాది బ్లాక్డ్ అకౌంటు డబ్బే ఆధారం, పని దొరికితే అది రెండో ఏడాదికి మిగులు. రెండో ఏడాదికి నివాస అనుమతి పొడిగించేటప్పుడు మళ్లీ డబ్బు చూపించమంటారు, పిల్లలు ఈ సంగతి మరిచిపోయి మొదటి ఏడాది ఖాతా ఖాళీ చేసేస్తారు. మీ చేతిలో ఇంకా కొన్ని నెలలు ఉన్నాయి గనుక పెట్టెలోకి కొనే వస్తువుల మీద పెట్టే సమయంలో సగం జర్మన్ మీద పెట్టండి. హైదరాబాదులో జర్మన్ నేర్పే గోయెథె సెంట్రమ్ ఉంది, భాషలో రెండో మెట్టయిన ఏ2 దాకా వచ్చి దిగితే నగర కార్యాలయంలోనే మీకు తేడా తెలుస్తుంది. సైకిలు మీద తిండి డెలివరీ చేసే పనుల్లో కొన్ని ఉద్యోగం కాక స్వయం ఉపాధిగా నడుస్తాయి, విద్యార్థి అనుమతితో విడిగా అనుమతి తీసుకోకుండా అది చేయకూడదు. ఒప్పందం చదవకుండా సంతకం పెట్టవద్దు.


జవాబు 6 (లైప్‌జిగ్ అక్క)

సున్నుండల్లోనూ నెయ్యే కదా, రెండు మూడు ఉండలకు ఎవరూ ఏమీ అనకపోవచ్చు గానీ, నేనైతే అమ్మను నువ్వుల ఉండలు చేయమంటాను. ఏ బెంగా లేకుండా కస్టమ్స్ దాటవచ్చు.

పేరు విషయానికి వస్తే, ఏపీఎస్ దాటి వచ్చారు కనుక మెమోలోని పొట్టి అక్షరం పెద్ద అడ్డంకి కాదు. మనవాళ్లలో అసలు చిక్కు వేరే చోట వస్తుంది. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, అప్పుడు ప్రతి ఆన్‌లైన్ ఫారమూ రెండో గడి నింపమని మొండికేస్తుంది. మీది అలా లేదు గనుక ఒకటే నియమం పెట్టుకోండి. టికెట్, బీమా, బ్లాక్డ్ అకౌంటు, అద్దె ఒప్పందం, నగర నమోదు, అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో రాయండి. ఇంట్లో పిలిచే పేరు, ఫేసుబుక్కు పేరు వద్దు.

ఆ పేరే పోస్టు డబ్బా మీద కూడా ఉండాలి. బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, దాని పిన్ను మరొక ఉత్తరంలో, పన్ను సంఖ్య ఇంకొక ఉత్తరంలో వస్తాయి, డబ్బా మీద మీ పేరు కనిపించకపోతే పోస్టు మనిషి తలుపు తట్టి అడగడు, ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. మా డబ్బా మీద అంతకుముందు ఉన్న అమ్మాయి పేరే ఉండిపోయి, నా పిన్ను రెండుసార్లు తిరిగి వెళ్లింది. గదిలో అడుగుపెట్టిన రోజునే ఇంటి యజమానిని అడిగి మీ పేరు పెట్టించండి. ఆయన వారం పడుతుందంటే, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మీరే అతికించుకోండి, అందుకు ఒక టేపు చుట్ట, ఒక మార్కరు పెన్ను చేతి సంచీలో వేసుకోండి.